మణికట్టు తిప్పినా పాయింటే: మోషన్ కంట్రోల్ ఆటల్లో యంత్రానికి ఏం తెలుస్తుంది, ఏం తెలియదు

క్లుప్తంగా

చేత్తో పట్టుకుని ఊపుతూ ఆడే మోషన్ కంట్రోలర్‌కి తెలిసేది చెయ్యి ఎటు తిరిగింది, ఎంత విసురుగా కదిలింది అన్నదే. చేతిలో ఉన్నదాని బరువు గానీ, బంతి తగిలినప్పటి దెబ్బ గానీ అందులో ఉండవు. అందుకే వస్తువు చెయ్యి విడిచి వెళ్లిపోయే ఆటలు (బంతి దొర్లించి పది పిన్నుల్ని పడగొట్టే టెన్‌పిన్ బౌలింగ్, ఫ్రిస్బీ లాంటివి) ఈ పద్ధతికి బాగా కుదిరాయి, వస్తువు వచ్చి చేతికి తగిలే ఆటలు (క్రికెట్, బాక్సింగ్) అంతగా కుదరలేదు. వ్యాయామం సంగతికొస్తే, కూర్చుని బటన్లు నొక్కే ఆట కన్నా నయం, గ్రౌండులో ఆటకి మాత్రం సాటి రాదు.

సంక్రాంతి రోజుల్లో ముందు గదిలో

హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో గల్ఫ్ నుంచో పండక్కి ఊరొచ్చేవాళ్ల బ్యాగుల్లో ఈమధ్య గేమ్ కన్సోల్ కూడా కనిపిస్తోంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఏ ఇంట్లోనైనా అలాంటిది ఒకటి టీవీకి తగిలించారంటే భోగి మంట ఆరేసరికి గదినిండా జనం. కాలేజీ రోజుల్లో షటిల్ బాగా ఆడిన చిన్నాన్న లేచి నిలబడి, చెయ్యి తల వెనక్కి తీసుకెళ్లి, ఒళ్లంతా విరిచి నిజం స్మాష్ కొట్టినట్టే కొడతాడు. పక్కన సోఫాలో కాళ్లు ముడుచుకు కూర్చున్న ఎనిమిదేళ్ల పాప మణికట్టు ఒక్కసారి ఇలా అంటుంది, అంతే. పాయింటు పాపకి. "నానింత గట్టిగా కొడితే పోలేదు, అదలా అంటే పోయిందేటి?" అని చిన్నాన్న కంట్రోలర్‌ని అటూ ఇటూ తిప్పి చూస్తాడు.

కంట్రోలర్ పాడవలేదు. పాప మోసం చెయ్యలేదు. అలా ఎందుకు జరిగిందో తెలియాలంటే ఆ చిన్న డబ్బా లోపల ఏముందో, ఆటను తయారుచేసినవాళ్లు దేన్ని లెక్కలోకి తీసుకుని దేన్ని వదిలేశారో చూడాలి. పిల్లల్ని ఈ ఆటలకి వదలొచ్చా, ఇది వ్యాయామం కిందకి వస్తుందా, అసలు ఆట చెడిపోతుందా అని తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలకి జవాబు కూడా అక్కడే ఉంది.

కళ్లు మూసుకుని బస్సెక్కినట్టు

శ్రీకాకుళంలో విశాఖ బస్సు ఎక్కి, సీటు దొరక్క నిలబడి, కళ్లు గట్టిగా మూసుకున్న మనిషిని ఊహించుకోండి. డ్రైవర్ బ్రేక్ వేస్తే ముందుకి తూలుతాడు, కాబట్టి బ్రేక్ పడిందని తెలుస్తుంది. మలుపు తిరిగితే ఒళ్లు పక్కకి ఒరుగుతుంది, కాబట్టి మలుపని తెలుస్తుంది. కానీ చిలకపాలెం దాటామా, రణస్థలం వచ్చామా అని అడిగితే చెప్పలేడు. తూలిన ప్రతిసారీ మనసులో లెక్క వేసుకుంటూ పోతే కాసేపు సరిగ్గానే చెబుతాడేమో గానీ, చిన్న చిన్న తప్పులు కలిసి కలిసి పది నిమిషాలకే లెక్క ఎక్కడికో పోతుంది.

కంట్రోలర్‌లో ఉండే యాక్సిలరోమీటర్ పరిస్థితి సరిగ్గా ఇదే. అది కొలిచేది వేగంలో మార్పుని, చెయ్యి ఉన్న చోటుని కాదు. చోటు కావాలంటే ఆ మార్పుల్ని రెండుసార్లు కూడుకుంటూ రావాలి. భూమ్యాకర్షణలో నూరో వంతు మాత్రమే తప్పు చెప్పే సెన్సర్ అనుకున్నా, ఒక సెకను తర్వాత లెక్కలో దాదాపు 5 సెంటీమీటర్లు తేడా వస్తుంది, 10 సెకన్లకి అది దాదాపు 5 మీటర్లవుతుంది. అంటే చెయ్యి గోడ దాటి వీధిలోకి వెళ్లిపోయినట్టు లెక్క. ఇంకో చిక్కు కూడా ఉంది. బస్సు స్పీడు పెంచినా వెనక్కి తూలుతాం, ఎత్తు ఎక్కుతున్నా వెనక్కే ఒరుగుతాం, కళ్లు మూసుకున్నవాడికి ఈ రెండింటికీ తేడా తెలియడం కష్టం. యాక్సిలరోమీటర్‌కీ అంతే, కంట్రోలర్‌ని వంచారా లేక విసిరారా అన్నది ఆ ఒక్క సెన్సర్‌తో నమ్మకంగా చెప్పలేం.

ఈ రెండో చిక్కుని చాలావరకు తీర్చేది గైరోస్కోప్. ఎంత వేగంతో తిరుగుతోందో అది చెబుతుంది కాబట్టి మణికట్టు మెలికని, బ్యాటు వంపుని పట్టుకోవచ్చు. దానికీ కొద్దికొద్దిగా లెక్క తప్పే గుణం ఉంది, అందుకే కొన్ని ఆటలు మొదలయ్యే ముందు కంట్రోలర్‌ని బల్ల మీద కదలకుండా పెట్టమంటాయి. కదలనప్పుడు సెన్సర్ చెప్పేదంతా తప్పే కాబట్టి, ఆ తప్పెంతో చూసుకుని తర్వాత తీసేస్తాయి.

2006 నుంచి మూడు దారులు

చేతి కదలికతో ఆడే ప్రయత్నాలు అంతకుముందూ ఉన్నాయి, కానీ ఇంటింటికీ చేర్చింది 2006 నవంబరులో నింటెండో కంపెనీ తెచ్చిన వీ అనే కన్సోల్. దానితో పాటు చాలా దేశాల్లో ఉచితంగా ఇచ్చిన వీ స్పోర్ట్స్‌లో టెన్నిస్, బేస్‌బాల్, బౌలింగ్, గోల్ఫ్, బాక్సింగ్ ఉండేవి. కన్సోల్ 10 కోట్లకి పైగా, ఆ ఆట 8 కోట్లకి పైగా అమ్ముడయ్యాయి. జీవితంలో గేమ్ ముట్టుకోని తాతలూ అమ్మమ్మలూ కూడా ఆడారంటే కారణం ఒక్కటే, నేర్చుకోవడానికి బటన్లు లేవు, రాకెట్ ఎలా ఊపుతారో అందరికీ ముందే తెలుసు.

అయితే ఆ మొదటి రిమోట్‌లో గైరోస్కోప్ లేదు. యాక్సిలరోమీటర్, ముందు భాగంలో ఒక ఇన్‌ఫ్రారెడ్ కెమెరా, అంతే. టీవీ మీద పెట్టే 'సెన్సర్ బార్'లో నిజానికి సెన్సరే లేదు, ఇన్‌ఫ్రారెడ్ కాంతినిచ్చే చిన్న బల్బులు ఉంటాయి, చూసేది రిమోటే. బార్ లేనప్పుడు రెండు కొవ్వొత్తులు వెలిగించి పెట్టినా పనిచేసేది, ఎందుకంటే మంట కూడా ఇన్‌ఫ్రారెడ్ ఇస్తుంది. ఆ యాక్సిలరోమీటర్‌ని సుమారు 3 జీ వరకు కొలవగలిగేలా తయారుచేశారు, అంటే భూమ్యాకర్షణకి మూడు రెట్లు. భుజానికి 60 సెంటీమీటర్ల దూరంలో ఉన్న చెయ్యి సెకనుకి ఒకటిన్నర చుట్టు వేగంతో తిరిగితేనే 5 జీ దాటిపోతుంది. కాబట్టి ఒక హద్దు దాటాక గట్టిగా కొట్టినా, ఇంకా గట్టిగా కొట్టినా రిమోట్‌కి ఒకటే. 2009లో మోషన్‌ప్లస్ పేరుతో గైరోస్కోప్ ఉన్న చిన్న జోడింపు అమ్మారు, దాంతో వచ్చిన వీ స్పోర్ట్స్ రిసార్ట్‌లో టేబుల్ టెన్నిస్, విలువిద్య, కత్తిసాము లాంటివి చేతి వంపుని కాస్త దగ్గరగా అనుసరించగలిగాయి.

సోనీ 2010లో ప్లేస్టేషన్ మూవ్ తెచ్చింది. కంట్రోలర్ చివర వెలిగే రబ్బరు బంతి, టీవీ దగ్గర కెమెరా. బంతి అసలు సైజు కెమెరాకి ముందే తెలుసు, కాబట్టి బొమ్మలో చిన్నగా కనిపిస్తే దూరంగా ఉన్నట్టు, పెద్దగా కనిపిస్తే దగ్గరికి వచ్చినట్టు. బస్సులో మనిషి మధ్యమధ్యలో కళ్లు తెరిచి కిలోమీటరు రాయి చూసుకున్నట్టు అన్నమాట, తప్పు పేరుకుపోయే లోపే సరిచేసుకుంటుంది. మన దేశంలో తయారైన మూవ్ స్ట్రీట్ క్రికెట్ అనే ఆట కూడా దీనికి వచ్చింది.

అదే ఏడాది నవంబరులో మైక్రోసాఫ్ట్ కినెక్ట్ తెచ్చి, చేతిలో ఏదీ వద్దంది. గది మీద కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ చుక్కలు చల్లి, అవి ఎలా సాగాయో చూసి లోతు కట్టి, మనిషి ఒంట్లో 20 కీళ్లని సెకనుకి 30 సార్లు గుర్తుపట్టేది. 60 రోజుల్లో 80 లక్షలు అమ్ముడై గిన్నిస్ రికార్డు కూడా ఎక్కింది. కానీ ఒకరు ఆడాలంటే ఆరడుగులు, ఇద్దరు ఆడాలంటే ఎనిమిది అడుగులు వెనక్కి జరగాలి. మన ఇళ్లలో ముందు గది పది బై పది, అందులో ఒక దీవాన్, బీరువా, పైన ఫ్యాను. ఎండ నేరుగా గదిలోకి పడితే ఆ చుక్కలు కనపడక తికమక పడేది. 2013లో దీన్ని తమ కొత్త కన్సోల్ ఎక్స్‌బాక్స్‌తో తప్పనిసరిగా ఇచ్చారు, మరుసటి ఏడాదే అది లేని పెట్టె తక్కువ ధరకి తేవాల్సి వచ్చింది, 2017కి తయారీ ఆపేశారు.

ఇప్పుడు ఇళ్లలో ఎక్కువగా కనిపించేది 2017లో వచ్చిన నింటెండో స్విచ్ కన్సోల్, దానికి 2022లో వచ్చిన స్విచ్ స్పోర్ట్స్ ఆట. జాయ్‌కాన్ అనే దాని చేతి కంట్రోలర్లు ఒక్కొక్కటి దాదాపు 50 గ్రాములు, లోపల యాక్సిలరోమీటర్, గైరోస్కోప్ రెండూ ఉన్నాయి.

పాప ఎందుకు గెలిచింది

సెన్సర్లు మెరుగయ్యాక కూడా చాలా ఆటలు చేతి కదలికని ఉన్నదున్నట్టు తెర మీద చూపించవు. వాటికి కావాల్సింది ఒక గుర్తు: విసురు ఒక హద్దు దాటిందా, ఎప్పుడు దాటింది. దాటగానే తెరమీది ఆటగాడు ముందే సిద్ధం చేసి పెట్టిన షాట్ కొడతాడు. వీ స్పోర్ట్స్ టెన్నిస్‌లో బంతి దగ్గరికి పరిగెత్తే పని ఆటే చూసుకుంటుంది, బంతి ఎటు వెళ్తుందన్నది ఎక్కువగా ఎంత ముందు ఊపారు, ఎంత ఆలస్యంగా ఊపారు అన్నదాని మీదే. కొద్దిపాటి స్పిన్‌కి మణికట్టు మెలిక చూస్తుంది. మిగిలిన శ్రమంతా ఆడేవాళ్లకే తెలుస్తుంది, యంత్రానికి తెలియదు.

ఇప్పుడు చిన్నాన్న షాట్‌ని మెల్లగా చూద్దాం. నిజం రాకెట్ పట్టిన అలవాటు కొద్దీ చెయ్యి ముందు వెనక్కి వెళ్తుంది, ఆ వెనక్కి లాగడం కూడా విసురే కాబట్టి ఒక్కోసారి అదే షాట్ కింద లెక్కలోకి పోతుంది. పోకపోయినా, పెద్ద ఊపు హద్దు దాటేసరికి షటిల్ దాటిపోతుంది. పాప మణికట్టు మాత్రం ఉన్నచోటే ఉండి, కావాల్సిన క్షణంలో టక్కున హద్దు దాటుతుంది. ఈ ఆట అడుగుతున్న నైపుణ్యం టైమింగ్ ఒక్కటే, అది పాపకి ఉంది.

దీన్ని తయారీదారుల బద్ధకం అనడం న్యాయం కాదు. చేతిని ఉన్నదున్నట్టు చూపిస్తే మనలో చాలామందికి బంతి తగలనే తగలదు. నిజం టేబుల్ టెన్నిస్‌లో మొదటి రోజు ఎన్ని తగులుతాయో అన్నే తగులుతాయి. పండక్కి వచ్చిన నానమ్మకి కూడా పది నిమిషాల్లో ఆట రావాలంటే తప్పుల్ని మన్నించాలి. ఎంత మన్నించాలన్నదే ఈ ఆటల తయారీలో అసలైన నిర్ణయం. ఎక్కువ మన్నిస్తే మణికట్టు ఆట అవుతుంది, తక్కువ మన్నిస్తే ఇంట్లో సగం మంది లేచి వెళ్లిపోతారు.

ఎదురుదెబ్బ లేకపోవడం

ఏ సెన్సరూ తీర్చలేని లోటు ఇంకొకటుంది. అది మన జిల్లాల వాళ్లకి చెబితే తొందరగా అర్థమవుతుంది, ఎందుకంటే ఇది బరువులెత్తే నేల. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ ఊరికి పేరొచ్చిందే వెయిట్‌లిఫ్టింగ్‌తో. ఆమదాలవలస వైపు నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో 110, 130 కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఆ 130 కిలోల ఎత్తుని మోషన్ కంట్రోలర్‌తో ఆడామనుకోండి. రెండు చేతులూ నేల నుంచి భుజాలకి, భుజాల నుంచి తల మీదకి వెళ్లాయి. కదలిక అంతా ఉంది. ఆటలో మిగిలింది ఏమిటి? బరువు లేనప్పుడు మోకాళ్లు వణకవు, ఇనుప రాడ్డు వంగదు, అరచేతిలో సుద్దపొడి అక్కర్లేదు, గాలిలో చేతులెత్తినట్టే.

ప్రతి ఆటలోనూ ఈ బరువు, ఎదురుదెబ్బ ఎంతో కొంత ఉంటుంది. అది ఎంత అన్నదాన్ని బట్టి ఆ ఆట మోషన్ కంట్రోల్‌కి కుదురుతుందా లేదా అన్నది చాలావరకు చెప్పెయ్యొచ్చు. టెన్‌పిన్ బౌలింగ్‌లో చెయ్యి ఊయలలా ఊగుతుంది, బంతి వదిలాక మనకీ దానికీ సంబంధం లేదు, తిరిగి వచ్చి తగిలేదేమీ లేదు. అందుకే వీ స్పోర్ట్స్‌లో అందరికీ నచ్చినవాటిలో బౌలింగ్ ముందుంటుంది. ఫ్రిస్బీ విసరడం కూడా అంతే. విలువిద్యలో నారి లాగే బరువు పోతుంది గానీ గురి మిగులుతుంది, ఆటంతా గురే కాబట్టి ఫర్వాలేదు.

బాక్సింగ్‌కి వస్తే గుద్దు ఎక్కడో ఆగాలి, ఇక్కడ గాలిలో దాన్ని ఆపేదేమీ లేదు, మోచెయ్యి చివరిదాకా చాచుకుపోయి నొప్పి పుడుతుంది. కత్తిసాములో అవతలివాడి కత్తి అడ్డు తగిలితే తెరమీది కత్తి ఆగుతుంది, చేతిలోది ఆగదు, అక్కడి నుంచి చెయ్యి ఒకచోట, బొమ్మ ఒకచోట.

క్రికెట్ ఇంకా కష్టం. బ్యాటు సుమారు 1.2 కిలోలు, జాయ్‌కాన్‌కి ఇరవై రెట్లకి పైనే. దాన్ని ఎత్తి పట్టుకోవడం, మధ్యలో దిశ మార్చుకోలేకపోవడం, 160 గ్రాముల గట్టి బంతి మధ్యలో తగిలితే వచ్చే హాయి, అంచుకి తగిలితే వేళ్లలోకి పాకే జలదరింపు, ఇవే బ్యాట్స్‌మన్‌కి గురువులు. విజయనగరం విజ్జీ స్టేడియంలో బ్యాటు పట్టే కుర్రాడు ఆ జలదరింపు వల్లే తర్వాతి బంతికి చెయ్యి సరిచేసుకుంటాడు. కంట్రోలర్ వణికి ఏదో చెప్పబోతుంది, కానీ వణుకుకి దిశ లేదు, బరువు లేదు.

టేబుల్ టెన్నిస్ సంగతి దీనికి పూర్తిగా వేరు. బంతి 2.7 గ్రాములే, బ్యాటు తేలిక, నిజం ఆటలో కూడా చేతికి తగిలేది చాలా తక్కువ. తలకి హెడ్‌సెట్ పెట్టుకుని ఆడే వీఆర్‌లో కెమెరాలూ సెన్సర్లూ కలిసి చెయ్యి ఉన్న చోటుని కూడా పట్టుకుంటాయి కాబట్టి, అక్కడ ఎలెవెన్ టేబుల్ టెన్నిస్ లాంటి ఆటలు నిజానికి చాలా దగ్గరగా వచ్చాయి. అదే వీఆర్‌లో క్రికెట్‌కి హైదరాబాద్ సంస్థ ప్రోయుగ ఐబీ క్రికెట్ తయారుచేసింది, బౌలర్ ఎదురుగా పరిగెత్తి వస్తున్నట్టు ఉండటం, బంతి లైను చదవడం వరకు అది టీవీ ఆటల కన్నా ఎంతో ముందుకు వెళ్లింది. దెబ్బ మాత్రం అక్కడా రాదు.

టీవీ చేసే ఆలస్యం

ఇంకో సమస్య ఉంది, దానికి కంట్రోలర్‌ది తప్పు కాదు. గంటకి 140 కిలోమీటర్ల బంతి సెకనుకి దాదాపు 39 మీటర్లు వెళ్తుంది, బ్యాట్స్‌మన్ దగ్గరికి అర సెకనులోపే వచ్చేస్తుంది. టీవీ బొమ్మకి మెరుగులు దిద్దుతూ 100 మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తే, తెరమీద బంతి కనిపించేటప్పటికి అది లెక్కలో దాదాపు 4 మీటర్లు ముందుకొచ్చేసి ఉంటుంది. సెన్సర్ సంకేతానికి, ఆట లెక్కకి పట్టే కాలం దీనికి అదనం. టెన్నిస్, క్రికెట్ లాంటివాటిలో "కొట్టాను గానీ తగల్లేదు" అన్న మాటకి సగం కారణం ఇదే అయ్యుంటుంది. టీవీ సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ అని ఉంటే అది పెట్టుకోవాలి, ఆ మెరుగుల పని చాలావరకు ఆగి ఆలస్యం తగ్గుతుంది. టెన్‌పిన్ బౌలింగ్, గోల్ఫ్‌లలో బంతి మన కోసం ఆగుతుంది కాబట్టి ఈ తేడా పెద్దగా తెలియదు.

వ్యాయామం, నొప్పులు

2007లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన చిన్న అధ్యయనంలో 13 నుంచి 15 ఏళ్ల పిల్లలు 11 మందితో వీ బౌలింగ్, టెన్నిస్, బాక్సింగ్ ఆడించి, కూర్చుని ఆడే ఒక గేమ్‌తో పోల్చారు. నిలబడి ఊపే ఆటల్లో శక్తి ఖర్చు స్పష్టంగా ఎక్కువే, కానీ అసలు ఆటలకి పట్టేంత లేదు, పిల్లలకి రోజూ కావాల్సిన వ్యాయామం కింద లెక్కవేసేంత తీవ్రతా లేదు. పిల్లలు తక్కువమందే అయినా, పైన చెప్పిన లెక్కకి ఇది సరిపోతుంది: బరువు లేదు, పరుగు లేదు, పరుగెత్తే పని తెరమీది బొమ్మ చేసేస్తోంది.

బరువు లేకపోతే నొప్పి కూడా ఉండదనుకుంటే పొరపాటు. అదే ఏడాది న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో స్పెయిన్‌కి చెందిన ఒక యువ వైద్యుడు తన అనుభవమే రాశాడు: గంటల తరబడి వీ టెన్నిస్ ఆడి, మర్నాడు కుడి భుజంలో విపరీతమైన నొప్పితో నిద్ర లేచాడు. నిజం టెన్నిస్‌లో రాకెట్ బరువుకీ పరుగుకీ ఆయాసం వచ్చి మధ్యలోనే ఆగిపోతాం, ఇక్కడ ఆ ఆయాసం రాదు, కాబట్టి భుజం ఒక్కటే వందలసార్లు అదే పని చేస్తుంది. శ్రీకాకుళం కోడి రామ్మూర్తి స్టేడియంలో గంటసేపు ఆడిన పిల్లాడికి ఒళ్లంతా అలుస్తుంది, దీనిలో గంటసేపు ఆడినవాడికి ఒక్క కీలే అలుస్తుంది.

ఫిజియోథెరపీలో కూడా ఈ ఆటల మీద చాలా ఆశలు పెట్టుకున్నారు. పక్షవాతం వచ్చినవాళ్లు 141 మందితో చేసిన ట్రయల్ ఫలితాలు 2016లో లాన్సెట్ న్యూరాలజీలో వచ్చాయి. వీ ఆడినవాళ్లు, పేకాట లాంటి మామూలు కాలక్షేపాలు చేసినవాళ్లు దాదాపు ఒకే మోస్తరుగా కోలుకున్నారు. అంటే ఈ ఆట వల్ల ఉపయోగం లేదని కాదు, అలాంటి మామూలు కాలక్షేపాలతో చెయ్యి కదిలించినా దాదాపు అంతే మేలన్నమాట. కన్సోల్ కొనలేని ఇంటికి ఇది మంచి కబురు.

పెద్ద ఆటలు బటన్ల దగ్గరే ఎందుకు ఉండిపోయాయి

ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ లాంటి భారీ సిరీస్‌లు మోషన్‌ని ప్రయత్నించి చాలావరకు వదిలేశాయి. ఫుట్‌బాల్ గేమ్‌లో ఆడేవాడు నడిపేది ఒక చేతిని కాదు, పదకొండు మందిని. పాస్, త్రూ బాల్, ట్యాకిల్, పరుగు, షాట్, ఇన్ని ఆజ్ఞలు ఒక సెకనులో ఇవ్వాలంటే పది వేళ్లూ కావాలి. పైగా రెండు గంటలు ఆడేవాడికి సోఫా కావాలి, ఆన్‌లైన్‌లో పోటీ పడేవాడికి నమ్మకమైన మీట కావాలి. రాకెట్, బంతి, విల్లు లాంటి ఒకే వస్తువు చేతిలో ఉండే ఆటలకే మోషన్ మిగిలింది, అక్కడ మాత్రం దాన్ని మించింది లేదు.

ఇంట్లో ఆడేటప్పుడు చూసుకోవాల్సినవి చాలా మామూలు విషయాలు. మణికట్టు తాడు తగిలించుకోవాలి. 2006 డిసెంబరులో తాళ్లు తెగి రిమోట్లు టీవీల మీదకి ఎగురుతుంటే నింటెండో 32 లక్షల తాళ్లు మార్చి ఇస్తామని ప్రకటించాల్సి వచ్చింది. పైన ఫ్యాను రెక్కకి చెయ్యి తగలదని చూసుకుని మరీ నిలబడాలి, చంటిపిల్లల్ని వెనక్కి పంపాలి. ఇక చిన్నాన్న చెయ్యాల్సింది ఒక్కటే, షటిల్ రాకముందే చెయ్యి పైకెత్తి ఉంచుకుని, వెనక్కి లాగడం మానేసి, మణికట్టుతో ముందుకి ఒక్క విసురు.